మీ కోడలు ఎవర్నీ తిట్టడం లేదు పిన్నిగారూ

పిన్నిగారూ, ములక్కాడలు తర్వాత కోసుకుందురుగాని, ఒక్కసారి ఇలా గోడ దగ్గరికి రండి. నిన్న మా అత్తగారి దగ్గర బెంగపడ్డారట కదా, "కోడలు రోజూ ఫోన్లో ఎవరితోనో తగువు పడుతోందమ్మా, తలుపు వేసుకున్నా వినపడుతోంది" అని. ఏం వినపడిందేమిటి మీకు? "బ్లేమ్ కొట్టి చూడు, ఎవరు మార్చారో తెలిసిపోతుంది" అందా? "కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది, నేనే తేలుస్తా" అందా? "హెడ్ డిటాచ్ అయింది" అని కూడా అందా! అయ్యో రామ, తల ఊడిపోవడం కాదండీ అది. ఆ అమ్మాయి ఎవర్నీ తిట్టడం లేదు, తన పని తను చేసుకుంటోంది. మా ఆఫీసులోనూ పొద్దున్న లేస్తే ఇవే మాటలు. మా గోడలు కాస్త మందం కాబట్టి మీదాకా రావడం లేదు, అంతే.

దీన్ని వెర్షన్ కంట్రోల్ అంటారు. పేరు విని కంగారు పడకండి. మీ చిన్నమ్మాయి పెళ్ళి శుభలేఖ ఎంతవరకు వచ్చింది? మీరు వాట్సాప్‌లో పంపినవి నా ఫోన్లోనే ఉన్నాయి చూడండి. ఒకదాని పేరు 'శుభలేఖ'. ఇంకోటి 'శుభలేఖ ఫైనల్'. తర్వాతది 'శుభలేఖ ఫైనల్ కరెక్షన్'. చివరిది 'ఇదే ఫైనల్ బాబాయ్ చూశారు'. ఫైనల్‌లో మీ పెద్దాడపడుచుగారి పేరుంది, బాబాయిగారు చూసినదాంట్లో లేదు. ఎవరు తీశారు? కావాలనే తీశారా, చెయ్యి జారి పోయిందా? తీసేముందు మీతో ఒక మాట అన్నారా? చూశారా, మీకే తెలీదు. ఒక్క పేజీ కాగితానికే ఇంత తంటా అయితే, లక్షల లైన్ల ప్రోగ్రాం మీద వందమంది చేతులు పడుతుంటే, అందులో ఒకరు మాదాపూర్‌లో ఒకరు డల్లాస్‌లో కూర్చుంటే, వాళ్ళ గతేమిటి చెప్పండి. ఏది మారింది, ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు, కావాలంటే పాతది వెనక్కి ఎలా తెచ్చుకోవాలి... వీటికి జవాబు చెప్పడానికే ఈ సరంజామా అంతా.

మార్పుల చరిత్ర మొత్తం ఉండే చోటుని రిపాజిటరీ అంటారు, నోరు తిరక్క అందరూ రిపో అంటారు. "కమిట్ చేశాను" అంటే, ఈ క్షణానికి మొత్తం ఇలా ఉంది అని ఆ రిపోలో నమోదు చేయించడం. పది చోట్ల మార్చి, మూడే నమోదు చెయ్యాలనుకుంటే ముందు ఆ మూడింటినీ ఏరి పెట్టాలి, దాన్ని యాడ్ చెయ్యడం అంటారు. కమిట్‌తో పాటు ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, దీనికి ముందున్న కమిట్ ఏది అనేవి యంత్రమే రాసేసుకుంటుంది. ఎందుకు చేశారో మటుకు మనిషి రాయాలి. ఆ రాయడం దగ్గరే మనవాళ్ళ బద్ధకమంతా బయటపడుతుంది, ఆ భాగోతం తర్వాత చెప్తాను.

ఇప్పుడు ఎక్కువమంది వాడేది గిట్. అశుభం మాట కాదు లెండి, గిట్టడానికీ దీనికీ సంబంధం లేదు. ఇది ఒక్కో కమిట్‌కీ 40 అక్షరాల గుర్తు వేస్తుంది. అంకెలూ, ఏ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లీషు అక్షరాలూ కలగలిపి ఉంటాయి. లోపల ఒక్క పొల్లు మారినా గుర్తు మొత్తం మారిపోతుంది. ముందు కమిట్ గుర్తుని కూడా కలిపే ఈ లెక్క కడతారు కాబట్టి, పాతదాంట్లో ఎవరైనా గుట్టుగా వేలు పెడితే అక్కడినుంచి ఇటు వచ్చిన గుర్తులన్నీ తేడా కొట్టి దొరికిపోతారు. 40 అక్షరాలూ నోటితో ఎవరూ చెప్పరు. మొదటి ఏడు చదివి ఊరుకుంటారు. మీ కోడలు ఫోన్లో అంకెలు చదువుతుంటే బ్యాంకు వాళ్ళ ఓటీపీ చెప్పేస్తోందని భయపడ్డారా? అది ఇదే.

ఇదంతా నిన్నా మొన్నా పుట్టింది కాదండోయ్. 1972లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ అనే ఆయన మొదలుపెట్టాడు, సోర్స్ కోడ్ కంట్రోల్ సిస్టమ్ అని. పదేళ్ళ తర్వాత, 1982లో, పర్డ్యూ యూనివర్సిటీలో వాల్టర్ టిషీ అనే ఆయన ఆర్‌సీఎస్ అని ఇంకోటి చేశాడు. ఆయన తెలివి చూడండి, అందరూ ఎక్కువగా అడిగేది తాజా ప్రతినే కదా అని దాన్ని పూర్తిగా ఉంచి, పాతవాటిని 'ఇక్కడ ఈ లైను తీసెయ్, అక్కడ ఆ లైను పెట్టు' అనే తేడాలుగా దాచాడు. అప్పట్లో డిస్కులో చోటంటే బంగారం.

కానీ ఈ రెండింటిదీ తాళం పద్ధతి. ఫైలు కావాలంటే చెకౌట్ చేసి తీసుకోవాలి, దానికి తాళం పడుతుంది. పనయ్యాక చెకిన్ చేసి తిరిగి ఇవ్వాలి. అంతదాకా రెండోవాళ్ళు చదువుకోవచ్చు గానీ మార్చకూడదు. వినడానికి పద్ధతిగానే ఉంది. బాబాయిగారు శుభలేఖ తీసుకుని తాళం వేసుకుని, అది మర్చిపోయి తిరుపతి వెళ్ళారనుకోండి. ఆయన కొండ దిగేదాకా ముహూర్తం దిద్దడానికి లేదు! సరిగ్గా ఇదే జరిగేది ఆఫీసుల్లో. ఆర్‌సీఎస్‌లో ఇంకొకరి తాళం పగలగొట్టే దారి ఉండేది, అయితే పగలగొట్టగానే ఆ తాళం వేసినాయనకి మెయిల్ వెళ్ళేది. దాంట్లో ఎందుకు పగలగొట్టారో సంజాయిషీ కూడా రాయాలి. చేసినవాళ్ళకి మనుషుల సంగతి బాగా తెలుసు, కాదూ?

ఈ తాళాలు పోయిన కథే నాకు అన్నిటికంటే ఇష్టం. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక యూనివర్సిటీ. 1984. డిక్ గ్రూన్ అనే అధ్యాపకుడు ఇద్దరు విద్యార్థులతో కలిసి సీ భాషకి కంపైలర్ రాస్తున్నాడు. ఒక కుర్రాడు పొద్దున 9కి వచ్చి సాయంత్రం 5కి లేచిపోయే రకం. రెండోవాడు ఎప్పుడొస్తాడో ఎప్పుడు పోతాడో వాడికే తెలీదు. అధ్యాపకుడికేమో పగలంతా వేరే పనులు, సాయంత్రాలే ఖాళీ. ముగ్గురూ ఒక్క గంట కూడా ఒకచోట కలిసి కూర్చునే వీల్లేదు. తాళాలతో ఆ ముగ్గురి సంసారం నడుస్తుందా? అందుకని గ్రూన్ ఆర్‌సీఎస్ మీదే నాలుగు స్క్రిప్టులు రాసి, ఎవరి ప్రతి వాళ్ళు తీసుకెళ్ళి ఎవరికి కుదిరిన వేళ వాళ్ళు మార్చుకోండి, తెచ్చి ఇచ్చేటప్పుడు కలుపుకుందాం అన్నాడు. అదే సీవీఎస్. 1986లో ఊరందరికీ ఇచ్చాడు. 1989లో బ్రయాన్ బెర్లినర్ అనే ఆయన దాన్ని సీ భాషలో తిరగరాశాడు. అందరూ గిట్‌నే మెచ్చుకుంటారు గానీ, నన్నడిగితే అసలు మలుపు ఇక్కడే తిరిగింది. ముందే అడ్డుకోవడం మాని తర్వాత కలుపుకోవడం మొదలైంది. ఇవాళ మీ కోడలు ఇంట్లో కూర్చుని అర్ధరాత్రి పంపిన పనిని అమెరికా వాడు వాడి పగలు అందుకుంటున్నాడంటే, దానికి ఆ ముగ్గురి కుదరని వేళలే మూలం.

తర్వాత సబ్‌వెర్షన్ వచ్చింది. 2000లో కొలాబ్‌నెట్ అనే కంపెనీ మొదలుపెట్టింది, 2004లో మొదటి పూర్తి విడుదల. సీవీఎస్‌లో ఒక పెద్ద లోటుండేది. పది ఫైళ్ళు పంపుతుంటే మధ్యలో లైను తెగిపోతే ఐదు చేరేవి, ఐదు ఆగిపోయేవి. సబ్‌వెర్షన్ వచ్చి, చేరితే పదీ చేరాలి, లేకపోతే ఒక్కటీ చేరకూడదు అంది. అసలు పని నడిచే దారిని అందులో ట్రంక్ అంటారు, పక్కన ప్రయోగాలకి తీసుకున్న దారుల్ని బ్రాంచ్‌లు అంటారు. బ్రాంచ్ తియ్యడం తేలికే. తిరిగి ట్రంక్‌లో కలపడానికే చచ్చేచావు. ఇంతకుముందు ఏవేవి కలిపేశామో దానికి గుర్తుండేది కాదు, మనమే ఎక్కడో రాసిపెట్టుకోవాలి. 2008లో గానీ ఆ జ్ఞాపకం దానికి రాలేదు. అప్పట్లో మా ఆఫీసులో పొద్దున పలకరింపే "లేటెస్ట్ తీసుకున్నావా?" అని. తీసుకోకుండా కోడ్ చెకిన్ చేసి బిల్డ్ విరగ్గొట్టినవాళ్ళు, అంటే అందరి కోడూ కలిపి ప్రోగ్రాం తయారవకుండా చేసినవాళ్ళు, మధ్యాహ్నం అందరికీ సమోసాలు తెప్పించాలి.

ఇక గిట్ సంగతి. లినక్స్ అని విన్నారా? మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉండేది అదే. దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ 2002 నుంచి బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాడు. అది ఒక కంపెనీ సొత్తు. ఉచితంగా వాడుకోండి, కానీ దీనికి పోటీగా మీరేం తయారుచెయ్యకూడదు అని షరతు పెట్టి ఇచ్చారు. ఆండ్రూ ట్రిజెల్ అనే ఇంకో ప్రోగ్రామరు, ఆ లోపలి చరిత్రని బయటినుంచి చదవగలిగే చిన్న ప్రోగ్రాం రాస్తున్నాడని తెలిసి, 2005లో కంపెనీ ఆ ఉచితం కాస్తా ఆపేసింది. పెద్ద రభస అయింది. లైనస్ ఏం చేశాడో తెలుసా? ఏప్రిల్ 3న గిట్ రాయడం మొదలుపెట్టాడు. ఏప్రిల్ 7కల్లా గిట్ సొంత కోడ్‌ని గిట్‌లోనే దాచుకుంటున్నాడు. జూన్‌లో విడుదలైన లినక్స్ 2.6.12 గిట్‌లోంచే బయటికొచ్చింది. జూలైలో గిట్ బాధ్యత జునియో హమానో అనే జపనీయుడి చేతిలో పెట్టి, తను మళ్ళీ లినక్స్ పని చూసుకున్నాడు. మొదలుపెట్టినాయన పేరు లోకమంతా చెప్పుకుంటుంది. ఏళ్ళ తరబడి దాన్ని సాకుతున్న హమానో పేరు గిట్ వాడే మా ఆఫీసులో సగంమందికి తెలీదు. పెళ్ళి చేసినవాళ్ళ ఫోటోలే ఉంటాయి గానీ వంట చేసినవాళ్ళవి ఉంటాయా!

గిట్‌లో అసలు విశేషం క్లోన్ అనే మాటలో ఉంది. సబ్‌వెర్షన్‌లో చరిత్రంతా ఒక సర్వర్‌లో ఉంటుంది, మన దగ్గర ఉండేది పని చేసుకునే ప్రతి మాత్రమే. గిట్‌లో క్లోన్ చేస్తే మొదటి రోజు నుంచీ ఉన్న చరిత్ర మొత్తం మన కంప్యూటర్‌లోకి దిగుతుంది. కరెంటు ఉంటే చాలు, నెట్ లేకపోయినా కమిట్ చేసుకోవచ్చు. సర్వర్ తగలబడినా ఎవరి దగ్గరున్న క్లోన్‌లోంచయినా అంతా లేపి నిలబెట్టొచ్చు. అందుకే కమిట్ వేరు, పుష్ వేరు. కమిట్ చేస్తే మన దగ్గరే ఉంటుంది. పుష్ చేస్తేనే అందరూ చూసే చోటికి వెళ్తుంది. కొత్త కుర్రాళ్ళు కమిట్ చేసి "అయిపోయింది సార్" అని ఇంటికెళ్ళిపోతారు, ఇక్కడ సార్ వెతుక్కుంటూ ఉంటాడు. అవతల కొత్తగా ఏం వచ్చాయో తెచ్చి పక్కన పెట్టుకోవడం ఫెచ్. తెచ్చి మన దాంట్లో కలిపేసుకోవడం పుల్. ఎక్కడినుంచి క్లోన్ చేశామో దానికి ఒరిజిన్ అని పేరు. "ఒరిజిన్‌కి పుష్ చేశా" అంటే అదన్నమాట, వంశం గురించి కాదు.

ఫోర్క్ అనే మాట ఒకటుంది. ఒకప్పుడు అది వేరుకాపురం మాటే. ప్రాజెక్టులో నాలుగు మాటలు పెరిగి, ఒక వర్గం కోడ్ ఎత్తుకుని వేరు కుంపటి పెట్టుకుంటే ఫోర్క్ అయింది అనేవాళ్ళు. 2008లో గిట్‌హబ్ అనే సైటు వచ్చాక ఆ ఘాటు పోయింది. ఇప్పుడు ఫోర్క్ చెయ్యడం మర్యాద. మీ రిపోలో నేను చెయ్యి పెట్టకుండా, నా పేరుమీద ఒక ప్రతి తీసుకుని అందులో మార్చి, నచ్చితే తీసుకోండి అని మిమ్మల్ని అడుగుతాను. ఆ అడగడమే పుల్ రిక్వెస్ట్, మావాళ్ళ నోట పీఆర్. గిట్‌ల్యాబ్ అనే సైటులో దాన్నే మెర్జ్ రిక్వెస్ట్ అంటారు. ఇలా వినయంగా అడిగే ఏర్పాటు చేసిన గిట్‌హబ్‌ని 2018లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు 750 కోట్ల డాలర్లకి కొన్నారు. రూపాయలు కాదండోయ్, డాలర్లు.

"పీఆర్ రైజ్ చేశా, కాస్త అప్రూవ్ కొట్టు" అని మీ కోడలు బతిమాలుతున్నట్టు అంటుంది చూడండి, నిజంగా తగువులు పుడితే ఇక్కడే పుట్టాలి. పక్కవాళ్ళు లైను లైనుకీ వ్యాఖ్య రాస్తారు, ఈ పేరెందుకు, ఆ ఖాళీ ఎందుకు, ఇది ఇంకోలా రాయొచ్చుగా అని. మూడు లైన్ల పీఆర్‌కి ముప్పై వ్యాఖ్యలు వస్తాయి. మూడువేల లైన్ల పీఆర్‌కి ఎవరికీ చదివే ఓపిక లేక 'బాగుంది' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఇది మాత్రం ఏ దేశంలోనైనా ఒకటే.

మళ్ళీ శుభలేఖ దగ్గరికి వద్దాం. మొన్న సరదాకి మీ శుభలేఖని నేను గిట్‌లో పెట్టాను. మీ తరఫు మార్పులకో బ్రాంచ్, మగపెళ్ళివారి మార్పులకో బ్రాంచ్. అసలు దారిని మెయిన్ అంటారు. ఇదివరకు మాస్టర్ అనేవాళ్ళు, 2020 నుంచి గిట్‌హబ్ కొత్త రిపోలన్నిటికీ మెయిన్ అనే పెడుతోంది. గిట్‌లో బ్రాంచ్ అంటే ఆ 40 అక్షరాల గుర్తు దగ్గర పెట్టిన ఒక పేరు, అంతే. అందుకే పూటకో బ్రాంచ్ తీసినా బరువుండదు. రెండు బ్రాంచ్‌లనీ కలపడాన్ని మెర్జ్ అంటారు. కలిపేటప్పుడు అది రెండింటినీ కాదు, మూడింటిని చూస్తుంది. మీది, వాళ్ళది, మీరిద్దరూ విడిపోకముందు ఉమ్మడిగా ఉన్నది. ఉమ్మడిదాంట్లోంచి మీరే ఒక లైను మార్చి వాళ్ళు ముట్టుకోకపోతే, మీది తీసుకుంటుంది. వాళ్ళే మార్చి మీరు ముట్టుకోకపోతే వాళ్ళది. ఇద్దరూ ఒకే లైనుని రెండు రకాలుగా మారిస్తే నిర్ణయం నాది కాదు అని చేతులెత్తేస్తుంది. అదే కాన్‌ఫ్లిక్ట్. ఇదిగో, ఫోన్లో చూపిస్తాను, మీ శుభలేఖలో ఏం వచ్చిందో:

<<<<<<< హెడ్
సుముహూర్తం: రాత్రి 9 గంటల 42 నిమిషాలకు
=======
సుముహూర్తం: రాత్రి 9 గంటల 24 నిమిషాలకు
>>>>>>> మగపెళ్ళివారు

పైన బాణాలు ఏడు, మధ్యలో గీతలు ఏడు, కింద బాణాలు ఏడు. గీతలకి పైనున్నది మీ మాట, కిందున్నది వాళ్ళ మాట. 42కీ 24కీ మధ్య ఏది శుభమో గిట్‌కి తెలీదు. తెలిసినట్టు నటించదు కూడా, అందుకే దాన్ని నమ్మొచ్చు. మీరో పంతులుగారో ఒకటి ఉంచి, రెండోది కొట్టేసి, ఆ బాణాలూ గీతలూ చెరిపేసి కమిట్ చెయ్యాలి. హడావిడిలో బాణాలు చెరపడం మర్చిపోయి అలాగే పంపేసేవాళ్ళు బోలెడుమంది. శుభలేఖ మీద ఏడు బాణాలు అచ్చయితే చుట్టాలు ఏమనుకుంటారో ఊహించుకోండి.

కాన్‌ఫ్లిక్ట్ వస్తే పిన్నిగారూ, భయపడాల్సిందేం లేదు, అది కనపడిన తేడా. కనపడనివి వేరే ఉన్నాయి. మీరు పైన కల్యాణమండపం పేరు మార్చారు. మగపెళ్ళివారు అట్టడుగున, పాత మండపానికి స్టేషన్ నుంచి బస్సు ఏర్పాటు చేశాం అని కొత్త లైను చేర్చారు. లైన్లు వేరు కాబట్టి గిట్ కిక్కురుమనకుండా రెండూ కలిపేస్తుంది. శుభలేఖ ఒక మండపానికి, బస్సు ఇంకో మండపానికి! ప్రోగ్రాముల్లో తెల్లవారుజామున ఫోన్లు మోగించేవి ఇవే. అందుకే కలిపాక మళ్ళీ పరీక్షలు నడిపించి చూసుకుంటారు. మీ కోడలు "మెర్జ్ అయింది, కానీ టెస్టులు పోయాయి" అని తల పట్టుకునేది ఇందుకే.

ఇంకో సంగతి గమనించాను. తేడాని చూపించడాన్ని డిఫ్ అంటారు, అది మామూలుగా లైను లెక్కన చూస్తుంది. మీవాళ్ళు ఆహ్వానించేవారి పేర్లు పదిహేనూ ఒకే లైనులో కుక్కేశారు. అందులో ఎవరి పేరుకో ఒక దీర్ఘం తగిలిస్తే, లైనంతా మారినట్టు ఎర్రగా ఒకటి, పచ్చగా ఒకటి చూపించింది. పేరుకో లైను పెడితే ఎవరి దీర్ఘం మారిందో ఇట్టే తెలిసేది. మాటలవారీగా చూపించే ఏర్పాటు కూడా ఉందిగానీ, చాలామంది అంతదూరం వెళ్ళరు. ఇక వర్డ్ ఫైలూ, పీడీఎఫ్ అయితే తేడా ఉందని చెప్తుంది తప్ప ఎక్కడుందో చూపించదు.

బ్లేమ్ గురించి కదా మీ బెంగంతా. ఫైలులో ప్రతి లైను పక్కనా దాన్ని చివరిసారి ముట్టుకున్నది ఎవరో, ఎప్పుడో చూపించడం, అంతే. దీన్ని కనిపెట్టినవాళ్ళకీ ఆ మాట కటువుగా తోచినట్టుంది, సబ్‌వెర్షన్‌లో అదే పనికి బ్లేమ్ అని కొట్టినా, మెచ్చుకోలు అనే అర్థంలో ప్రెయిజ్ అని కొట్టినా ఒకటే జవాబు వస్తుంది! పైగా చివరిసారి ముట్టుకున్నవాళ్ళే తప్పు చేసినట్టు కాదు. ఖాళీలు సర్దినవాడి పేరే అన్ని లైన్ల పక్కనా వచ్చి కూర్చుంటుంది, అసలు తప్పు రాసినాయన ఎప్పుడో ఉద్యోగం మారి వెళ్ళిపోయి ఉంటాడు. తెలివైనవాళ్ళు బ్లేమ్ చూసేది ఈ లైను గురించి ఎవర్ని అడిగితే తెలుస్తుందో కనుక్కోవడానికి. మీరూ చూడొచ్చు ఇలాంటిది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ప్రతి వ్యాసం మీదా చరిత్ర అని ఉంటుంది, నొక్కండి. ఏ ఊరి పేజీలో ఎవరు ఏ పొల్లు దిద్దారో, ఎవరు దాన్ని రద్దు చేశారో, మళ్ళీ ఎవరు పెట్టారో అంతా ఉంటుంది. మధ్యాహ్నం సీరియల్ కంటే బాగుంటుంది.

మిగతా మాటలు గబగబా చెప్పేస్తా, మీ కుక్కరు మూడో కూత వేసింది. స్టాష్ అంటే సగంలో ఉన్న పనిని పక్కన పెట్టి, వేరే అత్యవసరం చూసి వచ్చి మళ్ళీ తీసుకోవడం. పక్కన పెట్టినవి మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. చెర్రీ పిక్ అంటే వేరే బ్రాంచ్‌లోని కమిట్‌లన్నీ వద్దు, ఈ ఒక్కటీ కావాలి అని తెచ్చుకోవడం. రివర్ట్ అంటే పాత కమిట్‌ని చెరిపెయ్యకుండా, దాన్ని తిరగదిప్పే కొత్త కమిట్ రాయడం. హెడ్ అంటే ప్రస్తుతం మనం ఎక్కడ నిలబడి ఉన్నామో చెప్పే గుర్తు. అది ఏ బ్రాంచ్ పేరు మీదా కాకుండా ఎక్కడో పాత కమిట్ మీద నేరుగా నిలబడితే డిటాచ్ అయింది అంటారు. ఏదో ఒక బ్రాంచ్‌కి తిరిగొస్తే సరి. బైసెక్ట్ మాత్రం మెచ్చుకోవాల్సింది. వెయ్యి కమిట్‌ల కింద బాగానే పనిచేసింది, ఇవాళ చెయ్యట్లేదు, ఎక్కడ చెడింది? సరిగ్గా మధ్యలోదాన్ని పరీక్షించమంటుంది. బాగుంటే ఇవతలి సగం, చెడితే అవతలి సగం. అలా సగాలు చేసుకుంటూ పోతే పది పరీక్షల్లో దొంగ కమిట్ దొరుకుతుంది.

ఈ మాటలన్నిట్లో మీరు నిజంగా కంగారు పడదగ్గది ఒకటే, ఫోర్స్ పుష్. రీబేస్ అని ఒకటుంది, మన కమిట్‌లని పీకి కొత్త పునాది మీద వరసగా మళ్ళీ పేర్చడం. చరిత్ర చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది గానీ అవి కొత్త కమిట్‌లు, కొత్త గుర్తులు. అందరూ వాడుతున్న బ్రాంచ్‌ని ఇలా చేసి, అవతల ఉన్నదాన్ని లెక్కచెయ్యకుండా బలవంతంగా తోసేస్తే పక్కవాళ్ళు పొద్దున పంపిన పని అక్కడినుంచి మాయమవుతుంది. తోసేముందు, నేను చివరిసారి చూసిందే అక్కడ ఉందా అని సరిచూసుకుని తోసే పద్ధతి కూడా గిట్‌లో ఉంది. మెయిన్‌కి ఎవరూ బలవంతంగా తొయ్యకుండా కాపలా పెట్టుకునే వీలూ ఉంది. రెండూ వాడకుండా ఏడ్చేవాళ్ళని చూస్తే జాలి వెయ్యదు నాకు. ఒకవేళ జరిగినా అంతా పోయినట్టు కాదు. మన కంప్యూటర్‌లో హెడ్ ఎక్కడెక్కడ తిరిగిందో రిఫ్‌లాగ్ అనేదాంట్లో ఉంటుంది, మామూలుగా 90 రోజులదాకా దాచుతుంది. ఏ బ్రాంచ్‌కీ అందకుండా పోయినవాటికి మటుకు 30 రోజులే గడువు.

పోనివ్వకపోవడమే ఒక్కోసారి ముప్పు. పాస్‌వర్డ్ పొరపాటున కమిట్ చేసి, మర్నాడు చూసుకుని ఆ లైను తీసేసి మళ్ళీ కమిట్ చేసి, హమ్మయ్య అనుకుంటారు. తీసేసింది తాజా ప్రతిలోంచే. పాత కమిట్‌లో అది భద్రంగా ఉంటుంది, క్లోన్ చేసిన ప్రతివాళ్ళ దగ్గరా ఉంటుంది. అందరికీ కనపడే రిపోల్లో ఇలాంటివాటి కోసం జల్లెడ పట్టే ప్రోగ్రాములు రాత్రింబవళ్ళు తిరుగుతుంటాయి. ముందు ఆ పాస్‌వర్డ్ మార్చెయ్యాలి, చరిత్ర శుభ్రం చెయ్యడం తర్వాత సంగతి.

ఎందుకు మార్చారో మనిషి రాయాలి అన్నాను కదా. ఏం రాస్తారో చూడండి: 'మార్పులు'. 'చిన్న ఫిక్స్'. 'మళ్ళీ ఫిక్స్'. 'ఈసారి ఖాయం'. మీ ఫైలు పేర్లకీ వీటికీ ఏమైనా తేడా ఉందా? ఏం మారిందో డిఫ్ ఎలాగూ చూపిస్తుంది, ఎందుకో మాత్రం రాసినవాళ్ళు చెప్తేనే తెలుస్తుంది. 'పెద్దాడపడుచుగారి పేరు తీశాం, ఆవిడే వద్దన్నారు, మామగారి సంవత్సరీకం కాలేదని' అని బాబాయిగారు ఒక్క ముక్క రాసుంటే మీకీ రెండు రోజుల బెంగ ఉండేదా? మూడేళ్ళ తర్వాత ఆ లైను చూసి తల గోక్కునేది చాలాసార్లు రాసినవాళ్ళే. నేను పీఆర్ చూసేటప్పుడు ఈ ముక్క సరిగ్గా లేకపోతే కోడ్ ఎంత బాగున్నా వెనక్కి పంపేస్తాను. ఆఫీసులో నాకు చండశాసనురాలని పేరుంది, ఉండనివ్వండి.

ఆఖర్న ట్యాగ్ అని ఒకటి మిగిలింది. ఇదిగో, ఈ ప్రతే బయటికి వెళ్ళింది అని ఒక కమిట్‌కి శాశ్వతంగా పేరు తగిలించడం. బ్రాంచ్ ముందుకి జరుగుతూ ఉంటుంది, ట్యాగ్ వేసినచోటే ఉంటుంది. ఇవాళ రాత్రి మీ కోడలినీ బాబాయిగారినీ పక్కన కూర్చోబెట్టుకుని ముహూర్తం తేల్చండి, ఆడపడుచుగారికి ఒక ఫోన్ చెయ్యండి, బస్సు ఏ మండపానికో చూసుకోండి. అప్పుడు దానికి 'ప్రెస్సుకి' అని ట్యాగ్ వేసి నేనే పంపిస్తాను. ఆ తర్వాత ఎవరు ఏ దీర్ఘం మార్చమన్నా వినకండి. ప్రెస్సు ఆయన ఒకసారి అచ్చువేశాక రివర్ట్ ఒప్పుకోడు, మళ్ళీ వెయ్యి కార్డులకీ డబ్బు కట్టమంటాడు.